రెండు లీటర్ల అరవై మూడు

అంకెలు అబద్ధం చెప్పవని నమ్మేవారు ఒకసారి మెర్సిడెస్ వారి వేగపు కార్ల విభాగం ఏఎంజీ చేసిన సీ63 కారు వెనక నిలబడాలి. డిక్కీ మూత మీద 63 ధగధగలాడుతూ ఉంటుంది. ఈ వంశానికి మూలపురుషుడు 1968 నాటి 300 ఎస్ఈఎల్ 6.3. అందులో నిజంగానే 6.3 లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, ఉండేది. 63 అంటే ఆ లీటర్లే. 2007లో సీ63 పుట్టేసరికి లోపలున్నవి 6,208 సీసీలు. అంటే 6.2 లీటర్లే. పూర్వీకుల మీద గౌరవంతో మిగతాది కలుపుకున్నారు. తర్వాత రెండు టర్బోలున్న (ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా నెట్టే పంపులు) నాలుగు లీటర్ల వీ8 వచ్చింది, 63 కదలలేదు. 2022లో రెండు లీటర్లు, నాలుగు సిలిండర్లు. 63 ఇంకా అక్కడే ఉంది. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న సామెతకు ఇంత మెరిసే నికెల్ పూత ఎవరు వేయగలిగారు?

దీనికి కూడా వంకలు పెట్టే కృతఘ్నులున్నారు. లెక్కలు చూపిస్తే వారి నోళ్లు మూతపడాలి. పాత వీ8 సీ63 ఎస్ ఇచ్చింది 510 అశ్వశక్తి. ఈ బుల్లి ఇంజిన్ ఒక్కటే 476 ఇస్తుంది, వెనక చక్రాల దగ్గరున్న విద్యుత్ మోటారును కలుపుకుంటే మొత్తం 680. ఇంజిన్ సగమైంది కాబట్టి కారూ తేలికపడి ఉంటుందనుకోవడం అమాయకత్వం. బ్యాటరీ, మోటారు చేరి బరువు రెండు టన్నులు దాటింది. ఉపవాసం చేసి లావెక్కడం అందరికీ చేతనయ్యే విద్య కాదు.

అయినా ఆ ఉపవాసం పరీక్షాధికారి కోసం. ఐరోపాలో కంపెనీ అమ్మే కొత్త కార్లన్నిటి సగటు కార్బన్ డయాక్సైడ్‌కు లక్ష్మణరేఖ గీశారు. ప్రయోగశాలలో రోలర్ల మీద, మెత్తని పాదం కింద చిన్న ఇంజిన్ మునిలా మితాహారంతో నడుస్తుంది. రోడ్డెక్కి పాదం అదిమితే టర్బో గాలిని ఇంజిన్‌లోకి కుక్కుతుంది, గాలి వెంట పెట్రోలూ వెళ్లక తప్పదు. కానీ అప్పుడు అధికారి పక్క సీట్లో ఉండడు కదా.

ఇక గొంతు సంగతి. వీ8 గర్జన పోయిందని ఏడ్చేవారికి 2011 నాటి బీఎండబ్ల్యూ ఎం5లోనే మందు దొరికింది: ఇంజిన్ చప్పుడును స్పీకర్లలో వినిపించడం. ఇలాంటి ఏర్పాటే ఉన్న ఒక మిత్రుడి కారులో నేను కూర్చున్నాను. పాటలు ఆపించి, తలుపులోని స్పీకర్ జాలీ మీద అరచేయి ఆనించాను. యాక్సిలరేటర్ నొక్కినప్పుడల్లా జాలీ సన్నగా వణికింది. అద్దం దించి తల బయట పెడితే సింహం మాయమైంది, కుట్టుమిషన్ మిగిలింది. మిత్రుడు అద్దం పైకెత్తేసి, ‘ఏసీ పోతుంది’ అన్నాడు.

పోర్షే మాత్రం ఈ మార్గంలో నిలకడ చూపలేకపోయింది. 2016లో బాక్‌స్టర్, కేమన్ కార్లకు ఆరు సిలిండర్లు తీసి నాలుగు పెట్టింది, కొన్నేళ్లకే కొన్ని మోడళ్లలో టర్బో లేని నాలుగు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్‌ను మళ్లీ ఇంటికి పిలుచుకుంది. బలహీన మనస్కులు.

ఏఎంజీ అలా కాదు, సాధన చివరిదాకా తీసుకెళ్లింది. దాని ఈక్యూఎస్ పూర్తి విద్యుత్ కారు. బానెట్ కింద సిలిండర్లు సున్నా, లీటర్లు సున్నా. డిక్కీ మీద 53.