బడి అన్నంలో ఉన్నవి ప్లాస్టిక్ గింజలు కావు

మా మండలం వాట్సాప్ గ్రూపుల్లో ఆ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. "బడి భోజనం బియ్యంలో ప్లాస్టిక్ గింజలు కలుపుతున్నారు. నీళ్లలో వేస్తే తేలుతున్నాయి. అన్నం ఉండ చేసి నేలకు కొడితే బంతిలా ఎగురుతోంది. దేవుడిచ్చిన బియ్యంలో అన్నీ ఉండగా ఇవెందుకు? పిల్లల చేత ఏరించి పారేయించండి." నేను ప్రాథమిక పాఠశాల టీచర్ని. దీని దెబ్బకి మా పిల్లలు ఆకలితో కూర్చుని కూడా అన్నం కలుపుకోవడం మానేసి గింజలు ఏరుతున్నారు. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

ముందు ఆ గింజ సంగతి. బియ్యాన్ని పిండి పట్టి, అందులో ఐరన్, ఫోలిక్ యాసిడ్, విటమిన్ బి12 కలుపుతారు. ఆ ముద్దని యంత్రంలో సేమ్యా వత్తినట్టు వత్తి, బియ్యపు గింజ సైజులో కోసి ఆరబెడతారు. 100 కిలోల మామూలు బియ్యానికి ఇవి 1 కిలో కలుపుతారు. ఈ గింజలు కలిపిన బియ్యాన్నే ఫోర్టిఫైడ్ బియ్యం అంటారు. 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటన తర్వాత బడి భోజనంలోకి, అంగన్‌వాడీలకి, రేషన్ షాపులకి వచ్చాయి. రంగు కొంచెం పసుపు, మెరుపు తక్కువ. అనుమానం రావడం తల్లిదండ్రుల తప్పు కాదు. పంచేటప్పుడే ఎవరో ఒకరు విడమరిచి చెప్పాల్సింది.

తేలుతున్నాయన్నది నిజమే, కొన్ని తేలతాయి. వత్తినప్పుడు లోపల సన్నటి గాలి ఖాళీలు మిగిలిపోతాయి, అందుకని తేలిక. మరమరాలు కూడా తేలతాయి. పైగా ప్లాస్టిక్ అంతా తేలదు. మంచినీళ్ల బాటిల్ నుంచి చిన్న ముక్క కత్తిరించి నీళ్లలో పూర్తిగా ముంచి వదలండి, అడుక్కి పోతుంది.

ఉండ ఎగరడం 2017లో హైదరాబాద్‌లో ప్లాస్టిక్ బియ్యం భయం పుట్టినప్పుడు కూడా విన్నాం. ఉడికిన అన్నంలో పిండి పదార్థం జిగురుగా మారుతుంది. గట్టిగా ఉండ కట్టి కొడితే సాగి మళ్లీ ముడుచుకుంటుంది. మీ సొంత పొలంలో పండిన బియ్యం వండి ఉండ చేసి కొట్టినా ఎగురుతుంది.

పిల్లల ముందు నేను చేసింది ఇంకో పరీక్ష. ఏరిన గింజలు కొన్ని నానబెట్టి నలిపి, మందుల షాపులో దొరికే టించర్ అయోడిన్ ఒక చుక్క వేశాను. నల్లటి నీలం రంగు వచ్చింది. పక్కనే ప్లాస్టిక్ గ్లాసు ముక్క మీద వేస్తే ఆ రంగు రాలేదు. పిండి పదార్థానికి మాత్రమే వచ్చే రంగు అది, పై తరగతుల సైన్సు పుస్తకాల్లో ఉన్న ప్రయోగమే. ఈ గింజని వేళ్ల మధ్య నలిపితే అన్నం మెతుకులా మెత్తగా చితుకుతుంది కూడా. ప్లాస్టిక్ ఎంత ఉడికించినా అలా కాదు. ఒక్క మాట, అయోడిన్ వేసిన గింజలు ఎవరూ నోట్లో పెట్టుకోకుండా వెంటనే పారేయండి.

"బియ్యంలో అన్నీ ఉన్నాయి" అన్న మాట దగ్గర మాత్రం కాస్త ఆగాలి. వరికోతలప్పుడు పిల్లల్ని బడి పక్క చేనుకి తీసుకెళ్లాను. తలా ఒక కంకి ఇచ్చి, వడ్లగింజ పొట్టు గోటితో ఒలవమన్నాను. లోపల గింజ తెల్లగా లేదు, లేత గోధుమ రంగులో ఉంది. "టీచర్, మరి మన అన్నం తెల్లగా ఎందుకుంది?" అని ఒక పాప అడిగింది. ఏడాదంతా నేను ఎదురుచూసే ప్రశ్న అది. మిల్లులో పాలిష్ పట్టినప్పుడు ఆ పైపొర తవుడుగా పోతుంది. బి విటమిన్లు, ఐరన్ ఎక్కువగా ఉండేది అందులోనే. తెల్లటి అన్నం కావాలని మనం తీయించేసి గేదెలకి పెడుతున్నాం. అలాగని దంపుడు బియ్యం తింటే సరిపోతుందా అంటే, చాలదు. దాంట్లోనూ 100 గ్రాములకి ఐరన్ దాదాపు 1 మిల్లీగ్రామే. బి12 ఏ వరిగింజలోనూ ఉండదు. పాలు, గుడ్డు, చేప, మాంసం లాంటి వాటిలోనే ఉంటుంది.

7 నుంచి 9 ఏళ్ల పిల్లలకి రోజుకి 15 మిల్లీగ్రాముల ఐరన్ కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. ఈ కలిపిన బియ్యం కిలోకి 28 నుంచి 42.5 మిల్లీగ్రాములు ఉండాలన్నది నియమం. ప్రాథమిక బడిలో పిల్లవాడికి పూటకి 100 గ్రాముల బియ్యం. అంటే 3, 4 మిల్లీగ్రాములు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం ఉంది. ఆ పిల్లలే ఇప్పుడు నా ఎదుట కూర్చుంటున్నారు.

ఈ బియ్యంతోనే రక్తహీనత పోతుందని నేను అనను. పలు పరిశోధనల ఫలితాల్ని కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 2019 సమీక్ష కూడా దీనివల్ల రక్తహీనతలో తేడా పెద్దగా ఉండకపోవచ్చనే చెప్పింది. తోటకూర, మునగాకు, పప్పు, గుడ్డు కావాల్సిందే. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండితే అందులోని విటమిన్ సి వల్ల ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే తగ్గుతుంది. పిల్లలకి టీ ఇచ్చే ఇళ్లు మా ఊళ్లో ఇంకా ఉన్నాయి, దాని మీద ఒక్క మెసేజ్ కూడా రాదు. డబ్బు ఆకుకూరలకి పెట్టాలా, ఈ గింజలకి పెట్టాలా అని అడగండి, అది న్యాయమైన ప్రశ్న. సికిల్ సెల్, తలసేమియా అనే రక్త జబ్బులు ఉన్న పిల్లల గురించి అడిగితే అదీ న్యాయమే. వాళ్లు జాగ్రత్తపడాలని సంచుల మీద ఉండే హెచ్చరికని 2024లో తీసేశారు, ఈ బియ్యంతో వాళ్లకి ముప్పు లేదని ప్రభుత్వం చెప్పింది. అయినా మీ ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే చూస్తున్న డాక్టర్ని ఒక మాట అడగండి, మాకూ చెప్పండి.

ఇక ఏరి పారేయడం. పిల్లవాడి కంచంలో ఇవి నలభై, యాభై గింజలు ఉంటాయేమో. నిన్న మా మూడో తరగతి పాప ఓపిగ్గా కూర్చుని కంచం అంచున ముప్పై దాకా వరసగా పేర్చింది. ఆ పూట ఈ గింజల నుంచి తనకి అందాల్సిన ఐరన్‌లో సగం పైన అక్కడే మిగిలిపోయింది.