అమ్మ వచ్చిన వారం: ఒక రాజనీతి పరిశీలన

దేశంలో ముఖ్యమైన నిర్ణయాలు పార్లమెంటులో జరుగుతాయని బడి పుస్తకాల్లో ఇంకా రాస్తూనే ఉన్నారు. 2017 జులైలో టీవీలో బిగ్ బాస్ తెలుగు మొదలయ్యాక కూడా ఆ పాఠం మార్చకపోవడం విద్యాశాఖ నిర్లక్ష్యం తప్ప మరొకటి కాదు. ఏ బిల్లు ఎప్పుడు పాసయిందో చెప్పలేని ఇంట్లో కూడా, ఆ షోలో ఎవరు ఎవర్ని బయటికి పంపాలని ఏ వారం నామినేట్ చేశారో తడుముకోకుండా చెప్పే మనిషి ఒకరైనా ఉంటారు.

మామూలు జీవితంలో మనకు ఒక మనిషి నచ్చకపోతే కారణం వెతుక్కోం. పెళ్ళిలో ఎదురుపడితే ముఖం తిప్పుకుంటాం, అంతటితో సరి. బిగ్ బాస్ ఇంట్లో అలా కుదరదు. తగిన కారణాలు చెప్పి మరీ నామినేట్ చేయాలని బిగ్ బాస్ ఆదేశం. ఈ ఒక్క నిబంధన వల్ల తెలుగులో ఒక కొత్త వాఙ్మయమే పుట్టింది. మాట్లాడకుండా ఉన్నవాడు "ఇంట్లో కనిపించట్లేదు". మాట్లాడితే "కావాలని కనిపించాలని చూస్తున్నాడు". ఏడిస్తే సింపతీ. ఏడవకపోతే మాస్క్. అందరితో బాగుంటే సేఫ్ గేమ్, ఇద్దరితోనే బాగుంటే గ్రూపిజం. కూర చల్లారిపోయిందన్న కారణం మీద కూడా ఒక మనిషి భవిష్యత్తును తేల్చేయవచ్చు. అదీ ఎంతో మర్యాదగా, "చిన్న రీజనే, తప్పుగా అనుకోకు బ్రో" అని మొదలుపెట్టి, నామినేషన్ గుర్తుగా ముఖాన నురగ పూసో, నెత్తిన సీసా పగలగొట్టో, చివర్లో కౌగిలించుకుని. నెత్తిన సీసా పగలగొట్టాక కౌగిలించుకునే సంప్రదాయం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా అని మానవ శాస్త్రవేత్తలు పరిశీలించాలి.

ఇలాంటి ఆటల మీద పెద్దవాళ్ళు పరిశోధన చేయలేదని కాదు. 2017లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న రిచర్డ్ థేలర్, అంతకు ముందే 2008లో మరో ముగ్గురితో కలిసి ఒక పత్రం ప్రచురించాడు. 'డీల్ ఆర్ నో డీల్' అనే డబ్బుపెట్టెల ఆటలో నెదర్లాండ్స్, జర్మనీ, అమెరికాలకు చెందిన 151 మంది తీసుకున్న నిర్ణయాలను కూర్చుని లెక్కగట్టారు. ఆటలో అప్పటికే బాగా పోగొట్టుకున్నవాళ్ళూ, బాగా కలిసొచ్చినవాళ్ళూ ఇద్దరూ తెగించి ఆడతారని తేల్చారు. పేకాట తెలిసిన ఏ ఊళ్ళో అడిగినా కాఫీ ఖర్చుతో తేలిపోయే సంగతి. సరే, వాళ్ళ పద్ధతి వాళ్ళది.

మన దగ్గర పెట్టె ఫైనల్ రోజున వస్తుంది. అందులో డబ్బు తీసుకుంటే ఆట వదిలేయాలి. నాలుగో సీజన్లో సోహెల్ 25 లక్షలు తీసుకుని మూడో స్థానంతో బయటికి నడిచాడు. ఆరో సీజన్లో శ్రీహాన్ 40 లక్షలు తీసుకుని రన్నరప్ అయ్యాడు. 50 లక్షల ప్రైజ్ మనీలో ఆ 40 పోగా విజేత రేవంత్‌కు మిగిలిన నగదు 10 లక్షలు. అంతా అయ్యాక, ఓట్లు ఎక్కువ వచ్చింది శ్రీహాన్‌కేనని షో నడిపే నాగార్జున వేదిక మీదే ప్రకటించారు. జనం కాసేపు నోరెళ్ళబెట్టారు గానీ, ఓట్లు ఎక్కువ వచ్చినవాడు సూట్‌కేసు తీసుకుని అటు వెళ్ళిపోవడం తెలుగు ఓటరుకు మరీ అంత కొత్తేమీ కాదు. గమనించాల్సింది వేరే ఉంది. కూర చల్లారితే కారణం అడిగిన ఇంట్లో, 40 లక్షలు పట్టుకెళ్ళినవాణ్ణి కారణం అడిగినవాడు లేడు.

ఇంతవరకు థేలర్ గారి లెక్కలు పనిచేస్తాయి. అవి చేతులెత్తేసేది, ఇంటి దగ్గర్నుంచి కుటుంబ సభ్యులు చూడ్డానికి వచ్చే ఫ్యామిలీ వీక్‌లో.

సీజన్ ఇంకో నాలుగైదు వారాల్లో ముగుస్తుందనగా ఈ వారం వస్తుంది. ఇంటి సభ్యులు ఏదో పనిలో ఉండగా "ఫ్రీజ్" అని వినిపిస్తుంది. గరిటె పట్టుకున్నవాడు గరిటెతోనే ఆగిపోతాడు. ఇడ్లీ కొరికినవాడు బుగ్గలో ముక్కతోనే శిల్పమైపోతాడు. తలుపు తెరుచుకుని వాళ్ళమ్మ వస్తుంది. కొడుకు కదలకూడదు. ఆవిడ చెంపలు నిమిరి "చిక్కిపోయావురా" అంటుంది. శిల్పం కళ్ళలో నీళ్ళు, ముక్కులో నీళ్ళు, బుగ్గలో ఇడ్లీ. "రిలీజ్" అనడానికి బిగ్ బాస్ తీరిగ్గా ఆలోచిస్తూ ఉంటాడు. అవతల స్టవ్ మీద ఉప్మా మాడుతుంటుంది. ఆ ఉప్మాను ఇంతవరకు ఒక్క సీజన్లోనూ ఎవరూ నామినేట్ చేయలేదు.

బయటి విషయాలు లోపల చెప్పకూడదన్నది ఆ ఇంటి రాజ్యాంగంలో ముఖ్యమైన అధికరణం. దాన్ని తల్లులు అక్షరాలా పాటిస్తారు. ఏమీ చెప్పరు. "నీ ఆట నువ్వు ఆడుకో నాన్నా" అంటారు. 'నీ' అన్న చోట కళ్ళు మాత్రం సోఫాలో కూర్చున్న ఒకమ్మాయి వైపు అలా వెళ్ళి ఇలా వస్తాయి. అంతే. పది వారాలు కట్టుకున్న పొత్తులు, అర్ధరాత్రి దుప్పటి కింద గుసగుసలతో వేసిన వ్యూహాలు, "మన ముగ్గురం టాప్ ఫైవ్‌లో ఉండాలి" అని చేసుకున్న ప్రమాణాలు ఆ ఒక్క చూపుతో రద్దయిపోతాయి. మరుసటి సోమవారం కుర్రాడు అదే అమ్మాయిని నామినేట్ చేస్తాడు. కారణం: "ఈ మధ్య మన మధ్య కనెక్షన్ మిస్ అయిందనిపించింది."

నాన్నలు అలా కాదు. గుమ్మంలోంచే "తగ్గేది లేదు" అని అరుస్తారు. ఆ మాట విన్న కొడుకు ఆ రాత్రే కెప్టెన్సీ టాస్కులో సంచాలక్ (ఆ ఆటకు రెఫరీ) మీదికి వెళ్ళి, వారాంతంలో నాగార్జున చేత చీవాట్లు తింటాడు. భార్యలు వస్తే వ్యవహారం వేరు. ముందు బాత్రూమ్ చూసి, తర్వాత వంటగది చూసి, ఇంట్లో గ్లాసు కడగని మనిషి ఇక్కడ గిన్నెలు తోముతున్నాడని తెలుసుకుని, ఆ సమాచారాన్ని జాగ్రత్తగా దాచుకుని వెళ్ళిపోతారు. ఆ నామినేషన్ తర్వాత, ఇంటి దగ్గర.

వీటన్నిటికంటే ప్రమాదకరమైన ఘట్టం ఇంకోటి ఉంది. ఆరు వారాలుగా తన కొడుకును వరసపెట్టి నామినేట్ చేసినవాడి దగ్గరికి తల్లి నేరుగా వెళ్తుంది. ఇల్లంతా ఊపిరి బిగబట్టుకుని చూస్తుంది. ఆవిడ డబ్బా మూత తీసి, సున్నుండ ఒకటి వాడి నోట్లో పెట్టి, "నువ్వూ నా బిడ్డలాంటివాడివే, సరిగ్గా తిను" అంటుంది. వాడు భోరుమంటాడు. మరుసటి సోమవారం వాడికి కారణం దొరకదు. ఎంత తడుముకున్నా దొరకదు. చివరికి "నామినేట్ చేయాలి కాబట్టి చేస్తున్నాను" అని ఒప్పుకుంటాడు. సీజన్ మొత్తంలో వినిపించిన నిజాయితీ గల కారణం అదొక్కటే కావచ్చు, దానికి ఖర్చయింది ఒక సున్నుండ.

కాబట్టి వచ్చే సీజన్‌కు నిర్వాహకులకు ఈ వ్యాసకర్త చేస్తున్న సవినయ సూచన. మొదటి రోజునే తల్లులను లోపలికి పంపి, సెలబ్రిటీలను గేటు బయట కుర్చీలు వేసి కూర్చోబెట్టండి. సోమవారం రానివ్వండి. బిగ్ బాస్ గొంతు సవరించుకుని, తగిన కారణాలతో ఇద్దరిని నామినేట్ చేయమంటాడు. వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, అందరూ ఒక్కటై బిగ్ బాస్‌నే నామినేట్ చేస్తారు. కారణం కూడా అందరిదీ ఒకటే: ఇన్నేళ్ళుగా పిల్లలకు సరిగ్గా తిండి పెట్టట్లేదు.