గాలి, వెలుతురు, నీటి వసతి కలదు

మహారాజశ్రీ నివాసయోగ్య మండలం గారికి,

భూమి అనే మూడో ఇంట్లో చిరకాలంగా అద్దెకుంటున్న ఒక మనిషి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఎక్కడో ఒక నక్షత్రం చుట్టూ కొత్త గ్రహం కనబడిందనగానే ఇక్కడ అందరూ మొదట అడిగేది మీ గురించే. మండలంలో ఉందా, లేదా? ఉందంటే చాలు, మర్నాడు పత్రికలో నీలి సముద్రం, తెల్లని మబ్బులతో రంగుల బొమ్మ. 2017లో ట్రాపిస్ట్-1 నక్షత్రానికి ఏడు గ్రహాలున్నాయని తేలినప్పుడు కూడా ఇదే వరస. సుమారు 40 కాంతి సంవత్సరాల దూరం నుంచి అసలు మాకు అందిందల్లా, గ్రహం అడ్డు వచ్చినప్పుడల్లా నక్షత్రం వెలుగు రవ్వంత తగ్గడమే. ఆ తరుగులోంచి మేము ఏకంగా సముద్రం తోడుకున్నాం.

మీరు పెట్టిన షరతు చిన్నదే, కాదనను. నక్షత్రానికి మరీ దగ్గరగానో మరీ దూరంగానో కాకుండా, నేల మీద నీరు నీరుగా నిలిచేటంత ఎడం. మిగతావన్నీ మీ పేరు చెప్పి మేము తగిలించినవి. అద్దె ఇళ్ల ప్రకటనలు చదివీ చదివీ అలవాటైపోయింది: గాలి, వెలుతురు, నీటి వసతి కలదు. మూడూ ఉంటే ఇల్లు, ఏ ఒక్కటి తగ్గినా గోదాము. విశ్వంలో ప్రాణం ఉండే చోటుకు కూడా మేము అదే బోర్డు వేలాడదీశాం.

ముందు మీ హద్దుల సంగతి చూద్దాం. చందమామ సూర్యుడికి మా అంత దూరంలోనే ఉన్నాడు, అంటే నిక్షేపంగా మీ మండలంలోనే. 1969 నుంచి 1972 వరకు పన్నెండు మంది దిగి చూశారు. దోమ కూడా ఎదురు రాలేదు. అదే శని చుట్టూ తిరిగే ఎన్సెలాడస్ మీ గీతకు ఎంతో అవతల, సుమారు 500 కిలోమీటర్ల వ్యాసమే ఉన్న మంచు ముద్ద. దాని పగుళ్లలోంచి నీటి ఆవిరి, మంచు పలుకులు చిమ్ముతున్నాయని 2005లో కాసిని నౌక చూపించింది. ఆ మంచు పెంకు కింద సముద్రమే ఉంది. ఊరి నడుమ మేడలో కుళాయి ఎండిపోయింది, ఊరవతల గుడిసెలో పైపు పగిలి వీధంతా నీళ్లు. ఇదేం పంపిణీ, స్వామీ?

ఇక గాలి. మా తాతగారి పెరట్లో గోబర్ గ్యాస్ తొట్టి ఉండేది. పేడనీళ్ల మీద బోర్లించిన ఇనుప డ్రమ్ము తెల్లవారేసరికి గ్యాస్ నిండి పైకి లేచేది, వంట పూర్తయ్యేసరికి మెల్లగా దిగేది. అంచుల వెంట బుడగలు లేచి చిట్లుతుంటే మేము లెక్కపెట్టేవాళ్లం. తాతగారి హెచ్చరిక ఒక్కటే: లోపలికి గాలి చొరబడకూడదు. అక్కడ మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులకు ఆక్సిజన్ విషం. మేము ప్రాణవాయువని ముచ్చటగా పేరు పెట్టుకున్నది వాళ్లకు ప్రాణాలు తీసే వాయువు. పైగా వాళ్లు ఈ ఇంట్లో మాకంటే ఎంతో పాత కాపులు. భూమి మీద గాలిలో ఆక్సిజన్ పేరుకోవడం మొదలైందే సుమారు 240 కోట్ల ఏళ్ల క్రితం. అప్పటికి జీవం పుట్టి వంద కోట్ల ఏళ్లు దాటిపోయాయి. ఆ రోజుల్లో ఎవరైనా పైనుంచి వచ్చి, మాలాంటి జాబితా పట్టుకొని తిరిగి, "ఆక్సిజన్ లేదు, కనుక ఇల్లు ఖాళీ" అని రాసుకొని పోయి ఉంటే?

వెలుతురు సంగతి 1977లో తేలిపోయింది. గాలాపగోస్ దీవుల దగ్గర, సుమారు 2,500 మీటర్ల లోతున, వేడినీటి ఊటలు వెతుక్కుంటూ ఆల్విన్ జలాంతర్గామిలో దిగినవాళ్లు భూగర్భ శాస్త్రవేత్తలు. అక్కడ ప్రాణులుంటాయని ఎవరూ అనుకోలేదు కాబట్టి ఆ యాత్రలో ఒక్క జీవశాస్త్రవేత్త కూడా లేడు. తీరా చూస్తే చిమ్మచీకట్లో నత్తగుల్లలు, ఎర్రని కుచ్చులతో గొట్టపు పురుగులు, నిండు సంసారం! నమూనాలు నిల్వ చేసే మందు చాలక కొన్నింటిని వోడ్కాలో పెట్టి తెచ్చారు. ఆ గొట్టపు పురుగుకు నోరు లేదు, పొట్ట లేదు. కుళ్లిన గుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడుతో దాని ఒంట్లోని బ్యాక్టీరియా వండిపెడుతుంది. అయితే అది వాడుకునే ఆక్సిజన్ మాత్రం పైన ఎండలో తయారై నీటిలో కరిగి వచ్చినదే. మీటరు లేదంటూనే పక్కింటి నుంచి తీగ లాక్కున్న బాపతు. ఆ తీగ కూడా అక్కర్లేని బ్యాక్టీరియా దక్షిణాఫ్రికా బంగారు గనిలో 2.8 కిలోమీటర్ల లోతున దొరికింది. రాళ్లలోని యురేనియం రేడియోధార్మికతకు నీరు విడిపోయి పుట్టే హైడ్రోజన్ దానికి ఆధారం.

మిద్దె మీద కూడా కాపురాలున్నాయి లెండి. 2005 ఏప్రిల్‌లో హైదరాబాద్ నుంచి ఎగరేసిన బెలూను 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి పట్టి తెస్తే, అందులో మూడు కొత్త జాతుల బ్యాక్టీరియా తేలింది. ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభట్టు పేరు పెట్టారు. పైనుంచి ఊడిపడ్డాయని ఎవరూ తేల్చలేదు. అంత అతినీలలోహిత ఎండలో అద్దె కడుతున్నాయి, అంతే.

నీటి దగ్గరే నా నోరు పడిపోతుంది. ఇప్పటిదాకా చెప్పినవాళ్లలో నీరు వద్దన్నవాడు ఒక్కడూ లేడు. గెలుపు మీదే. అయినా శని చుట్టూ తిరిగే మరో చంద్రుడు టైటాన్ మాటేమిటి? సుమారు మైనస్ 180 డిగ్రీల చలిలో ద్రవ మీథేన్ సరస్సులు. 2005 జనవరి 14న హైగెన్స్ నౌక అక్కడ దిగిన చోట కనిపించిన గులకరాళ్లు నీటి మంచువేనని అంచనా. నీరే రాయి అయిన చోట ఎవరైనా ఉంటే, మమ్మల్ని కరిగిన రాయి తాగి బతికే భూతాలనుకోరూ?

మా మర్యాదలు కూడా అలాగే ఏడ్చాయి. 1976లో వైకింగ్ నౌకలు అంగారకుడి మట్టి మీద మా వంటకమే, పోషకాల పులుసు, చిలకరించి ఎవరైనా తిని వాయువు వదులుతారేమోనని చూశాయి. వాయువు వచ్చింది, అది రసాయన చర్యే అని ఎక్కువమంది తీర్మానించారు. ఒకవేళ అక్కడ ఎడారికి అలవాటుపడ్డ ప్రాణి ఉంటే, మేము పోసిన నీటికే ఉక్కిరిబిక్కిరై పోయి ఉంటుందన్నవారూ లేకపోలేదు.

ఇట్లు,
అద్దె బకాయి లేని ఒక భూవాసి

తా.క. తాతగారి తొట్టి ఇప్పుడు లేదు. ఇంట్లోకి గ్యాస్ బండ వచ్చాక ఒక మధ్యాహ్నం ఇద్దరు మనుషులు డ్రమ్మును ఎత్తి పక్కన పడేశారు. ఖాళీ చేయమని లోపలివాళ్లకు నోటీసు కూడా ఇవ్వలేదు.