టేపుల్లో ఉన్న పాట ఊరికి చేరాలి

దక్షిణాఫ్రికాలోని మఖాండా చిన్న యూనివర్సిటీ పట్టణం. 2018 దాకా దాని పేరు గ్రాహమ్స్‌టౌన్. అక్కడి రోడ్స్ యూనివర్సిటీలో ఉన్న ఇంటర్నేషనల్ లైబ్రరీ ఆఫ్ ఆఫ్రికన్ మ్యూజిక్‌ను క్లుప్తంగా ఐలామ్ అంటారు. సహారాకు దక్షిణాన ఉన్న దేశాల పాటలు అక్కడ వేలకొద్దీ భద్రంగా ఉన్నాయి. పాడినవాళ్ల మనవలకు అవి ఎంతవరకు అందాయన్న ప్రశ్నను మాత్రం మనం తగినంతగా అడగడం లేదని నా అభిప్రాయం.

హ్యూ ట్రేసీ 1920లో ఇంగ్లండ్ నుంచి ఇప్పటి జింబాబ్వేకు వెళ్లాడు. వెళ్లింది పొగాకు పండించడానికి. పొలంలో కూలీలు పాడే పాటలు ఆయన్ను పట్టేశాయి. 1954లో ఐలామ్ స్థాపించి, ఊరూరా తిరిగి చేసిన రికార్డింగులను 210 ఎల్పీలుగా తెచ్చాడు. పాడిందెవరు, ఏ ఊరు, ఏ భాష అన్నవి రాసి పెట్టాడు. వాయిద్యాల శ్రుతిని ట్యూనింగ్ ఫోర్కులతో కొలిచాడు. ఈ శ్రద్ధకు దండం పెట్టాల్సిందే. కానీ అది వలస పాలన కాలం. గాలో అనే రికార్డింగ్ కంపెనీ డబ్బూ అందులో ఉంది. తమ గొంతు ఎక్కడికి వెళుతుందో, దాని మీద హక్కు ఎవరిదో పాడినవాళ్లకు ఏమాత్రం తెలుసు? ఆ లెక్క ఇప్పటికీ తేలలేదు.

ట్రేసీ మనసు ఎక్కువగా పల్లె పాట మీదే ఉండేది. అక్కడి నుంచే ఒక గీత పడింది. పల్లె సంగీతం ఆర్కైవుకు, జాజ్ నగరాల క్లబ్బులకు అన్నట్టు. మఖాండా ఉన్న ఈస్టర్న్ కేప్ ప్రాంతాన్ని చూస్తే ఆ గీతకు అర్థం లేదని తెలుస్తుంది. అక్కడి ఖోసా వాళ్ల ఉహాది ఒంటి తీగ విల్లు. మన కిన్నెరకు ఉన్నట్టే దానికీ సొరకాయ బుర్ర ఉంటుంది. తీగను పుల్లతో కొడుతూ, బుర్ర మూతిని ఛాతీకి దగ్గరగా, దూరంగా జరుపుతుంటే ఒక్క స్వరం లోంచే పై స్వరాలు వినిపిస్తాయి. వేళ్లతో తీగను నొక్కితే రెండో మూల స్వరం పుడుతుంది. ఈ రెండింటి మధ్య తిరుగుతూ పాట చక్రంలా సాగుతుంది. 1964లో దేశం వదిలి వెళ్లిన బ్లూ నోట్స్ అనే జాజ్ బృందంలో డుడు పుక్వానా పోర్ట్ ఎలిజబెత్ వాడు, మొంగెజి ఫెజా క్వీన్స్‌టౌన్ వాడు, జానీ డయానీ ఈస్ట్ లండన్ వాడు. ఈ ముగ్గురిదీ ఈ ప్రాంతమే. వాళ్ల జాజ్‌లో మళ్లీ మళ్లీ తిరిగొచ్చే ఆ చక్రాన్ని వింటే విల్లు ఎక్కడికీ పోలేదనిపిస్తుంది. వర్ణవివక్ష ప్రభుత్వం ఆ బృందంలోలా తెల్లవాళ్లు, నల్లవాళ్లు కలిసి వాయించడాన్ని సహించలేదు. ఆ ముగ్గురూ ప్రవాసంలోనే పోయారు. వాళ్ల ముఖ్యమైన రికార్డింగులు చాలావరకు యూరప్‌లో జరిగాయి.

యూనివర్సిటీలో జాజ్ చదువు మాత్రం వర్ణవివక్ష పాలన ముగియకముందే మొదలైంది. అమెరికా జాజ్ పియానో కళాకారుడు డేరియస్ బ్రూబెక్ 1983లో డర్బన్‌లోని నటాల్ యూనివర్సిటీకి వచ్చి, ఆఫ్రికాలోనే మొదటి జాజ్ డిగ్రీ కోర్సు నడిపాడు. స్కూళ్లలో పరిస్థితి వేరు. ఆ పాలన ముగిసిన 1994 తర్వాత సిలబస్‌లో ఆఫ్రికన్ సంగీతానికి చోటిచ్చారు కానీ, టీచర్లలో చాలామంది నేర్చుకున్నది పాశ్చాత్య స్వరలిపి. తెలియనిది ఎలా చెబుతారు? ఐలామ్ తన రికార్డింగులతోనే స్కూలు పుస్తకాలు తయారు చేసింది అందుకే. ఆ సంస్థ చేసిన పనులన్నిటిలో నాకు విలువైనదిగా కనిపించేది ఇదే.

దాచడం ఒక్కటే చాలదని చెప్పడానికి మరో ఉదాహరణ పోర్ట్ ఎలిజబెత్ (2021 నుంచి దాని పేరు గెబెర్హా) శివార్లలోని న్యూ బ్రైటన్. అక్కడ 2006లో రెడ్ లొకేషన్ మ్యూజియం తెరిచారు. ఆ బస్తీ జాజ్ కళాకారుల చరిత్రను ఐలామ్ అక్కడే ప్రదర్శనగా పెట్టింది. 2013లో చుట్టుపక్కల జనం తమ ఇళ్ల సమస్య మీద ఆందోళనకు దిగి మ్యూజియం మూయించారు. నేను వాళ్లను తప్పుపట్టలేను. ఇల్లు కురుస్తుంటే పక్కనున్న అందమైన భవనం మీద కోపం రాదా?

అలాగని ఆర్కైవులు వద్దనడం లేదు. 2021 ఏప్రిల్ 18న టేబుల్ మౌంటెన్ మంటలు కేప్‌టౌన్ యూనివర్సిటీ జాగర్ లైబ్రరీని కాల్చేశాయి. ఆఫ్రికా అధ్యయనాల సేకరణలో చాలా భాగం బూడిదైంది. టేపులకు నిప్పు కూడా అక్కర్లేదు, వాటిని వినిపించే యంత్రాలే కనుమరుగవుతున్నాయని 2019లో యునెస్కో హెచ్చరించింది. ప్రతులు ఒక్క చోటే ఉండటం ప్రమాదం. సొంతూళ్లలోనూ ఒక ప్రతి ఉంటే అది రక్షణ కూడా అవుతుంది. ట్రేసీ 1950లో కెన్యాలోని కిప్సిగిస్ వాళ్ల దగ్గర చేసిన రికార్డింగులను ఐలామ్ దశాబ్దాల తర్వాత ఆ ఊళ్లకే తీసుకెళ్లి ఇచ్చింది. ఇలాంటి ప్రయాణాలు అప్పుడప్పుడు గ్రాంటు దొరికితే జరిగేవిగా ఉండకూడదు. ఏటా బడ్జెట్‌లో వాటికొక పద్దు ఉండాలి.

ఇంకో పద్దు మనుషులకు. 2022లో కన్నుమూసిన మదోసిని విల్లు వాద్యాల్లో మహా విద్వాంసురాలు. పోలియో వల్ల ఆమె బడికి వెళ్లలేదు, విద్య తల్లి దగ్గర నేర్చుకుంది. డిగ్రీ అడిగే నియామక నిబంధనల ప్రకారం ఆమెలాంటి వాళ్లు స్కూలు టీచరు ఉద్యోగానికి అనర్హులు. విద్యాశాఖలు ముందు మార్చాల్సింది ఆ నిబంధనే. వాయించడం వచ్చిన పెద్దవాళ్లకు జీతమిచ్చి, ఐలామ్ రికార్డింగులతో పాటు క్లాసులోకి పంపాలి. వాళ్లు బతికుండగానే పంపాలి.