పని రాకముందే సంతకం

ఆర్కిటెక్చర్ డిగ్రీ అయిన బీఆర్క్ చివరి సెమిస్టరు ఫలితాలు వచ్చిన కొద్ది నెలల్లోనే మన పిల్లలు ఆర్కిటెక్టులైపోతున్నారు. పది సెమిస్టర్ల మార్కుల మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్, గుర్తింపు కార్డు, ఫొటో, ఫీజు ఆన్‌లైన్లో పంపితే ఢిల్లీలోని కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ పరిశీలించి ‘సీఏ’తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఇస్తుంది. పరీక్ష లేదు. ఎవరైనా సీనియరు దగ్గర ఇన్నేళ్లు పనిచేసి రావాలన్న షరతూ లేదు. నంబరు చేతికొచ్చిన మర్నాటి నుంచే దేశంలో ఎక్కడి ఇంటి ప్లాను మీదైనా సంతకం పెట్టొచ్చు. అప్పటికి ఆ చేయి నిర్మాణాన్ని దగ్గరగా చూసింది కాలేజీలో ఉండగా చేసిన ఒక్క సెమిస్టరు ప్రాక్టికల్ ట్రైనింగులోనే. అందులోనూ చాలామంది కంప్యూటరు ముందు కూర్చుని ఇంకొకరి గీతలు దిద్దినవాళ్లే. పట్టాకూ సంతకానికీ మధ్య ఉన్న ఈ ఖాళీని కౌన్సిలూ, రాష్ట్ర ప్రభుత్వాలూ, ఆఫీసులు నడిపే సీనియర్లూ కలిసి పూడ్చాలి.

ఆ ఖాళీలో ఏం జారిపోతుందో తెలియడానికి ఒక ఇంటి మెట్లు చాలు. కింది స్లాబు నుంచి పై స్లాబుకు 3 మీటర్లు. ఒక్కోటి 150 మిల్లీమీటర్ల ఎత్తున 20 మెట్లు. కాగితం మీద లెక్క సరిపోయింది, కాలేజీలో డిజైన్లను పరీక్షించే జ్యూరీలో మాస్టారు కూడా తల ఊపారు. సైటులో సెంట్రింగు మేస్త్రి ఆ 150 చూసుకునే చెక్కలు బిగించి కాంక్రీటు పోయించాడు. తర్వాత గదుల్లో నేల పనికి మాలు, టైలు కలిసి 75 మిల్లీమీటర్లు వచ్చాయి. మెట్ల మీద మాలు, గ్రానైటు పలక కలిసి 40 మాత్రమే. దాంతో అన్నిటికంటే కింది మెట్టు 115కు కుంచించుకుపోయింది, పైన ఆఖరిది 185కు లేచింది. మధ్యలో ఉన్నవన్నీ 150. నాలుగు మెట్లు ఎక్కేసరికి కాలు ఆ ఎత్తుకు అలవాటు పడుతుంది, అయిదోది చూసుకోకుండానే వేస్తాం. ఎత్తు మారిన మెట్టు దగ్గర వేలు తగులుకుంటుంది, దిగేటప్పుడు మడమ జారుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు తూలి పడేది సరిగ్గా అక్కడే.

జాతీయ భవన నిర్మాణ నియమావళి ఇళ్లలో మెట్టు ఎత్తు 190 దాటకూడదంటుంది. 185 ఆ హద్దులోనే ఉంది, కాబట్టి కాగితాల పరిశీలనలో ఈ తప్పు దొరకదు. దిద్దుబాటు మాత్రం చాలా సులువు. నేల పని పూర్తయిన మట్టం నుంచి మళ్లీ పూర్తయిన మట్టం దాకా లెక్క కట్టి, కాంక్రీటులో మొదటి మెట్టు 185, చివరిది 115, మిగతా 18 మెట్లు 150 అని వర్కింగ్ డ్రాయింగులో, అంటే సైటులో చూసి కట్టే కొలతల బొమ్మలో, రాయాలి. మొత్తం అదే 3 మీటర్లు. పలకలు పరిచాక అన్నీ 150కి వచ్చేస్తాయి. మెట్లను నిలువునా కోసినట్టు చూపే ఒక్క సెక్షన్ బొమ్మ, అందులో రెండు అంకెలు. ఈ రెండు అంకెలు రాయాలని ఎవరికి తడుతుంది? ఒక్కసారైనా సైటులో టేపు పట్టుకుని, పరిచిన పలకల మీద నిలబడి కొలిచినవారికి. బాత్రూం స్లాబును పైపుల కోసం ఎంత కిందికి దించాలో చెప్పకుండా స్ట్రక్చరల్ ఇంజినీరుకు ప్లాను పంపేయడం కూడా ఈ కోవలోదే. స్లాబు సమంగా వేసేశాక మిగిలే దారి నేలను ఎత్తు చేసి గుమ్మం దగ్గర ఒక మెట్టు పెట్టుకోవడమే. ఆ ఇంట్లో మోకాళ్ల నొప్పులున్నవారు రోజుకు పదిసార్లు ఆ మెట్టు ఎక్కి దిగాలి.

చట్టం ఏం చెబుతోందో కొత్తవారికి స్పష్టంగా తెలియాలి. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం కాపాడేది ఆ పేరును. కౌన్సిల్ రిజిస్టరులో పేరు లేనివారు ఆర్కిటెక్టునని చెప్పుకోకూడదు. తాజా పట్టభద్రులైనా సరే, నంబరు రాకముందు విజిటింగ్ కార్డు మీద ‘జూనియర్ ఆర్కిటెక్ట్’ అని వేయించుకుంటే తప్పే. భవనాల రూపకల్పన పనిని మాత్రం ఆ చట్టం ఆర్కిటెక్టులకే రాసివ్వలేదు. 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చింది: రిజిస్టరు కానివారు ఆ పని చేయడాన్ని 37వ సెక్షను నిషేధించదు, ఆ బిరుదు వాడుకోవడాన్నే నిషేధిస్తుంది. బిరుదును అక్రమంగా వాడినవారికి మొదటిసారి 1972 నాటి చట్టం రాసిన జరిమానా 500 రూపాయల లోపే. కాబట్టి మన ఊళ్లలో డ్రాఫ్ట్స్‌మన్, సివిల్ ఇంజినీరు, వాస్తు చూసి ప్లాను గీసిచ్చే పెద్దమనిషి, అనుభవమున్న మేస్త్రి అందరూ ఈ రంగంలోనే ఉంటారు. వారి మధ్య ఆర్కిటెక్టుకు నిజంగా ఉన్న ఆస్తి ఆ పేరు మీద జనానికున్న నమ్మకం.

ఆ నమ్మకాన్ని లోపలి నుంచి తినేస్తున్నది సంతకాల బేరం. ప్లాను ఎవరో గీస్తారు, స్థలం ఆర్కిటెక్టు కంటితో చూడరు, ఫైలుకు ఇంత అని చేతిలో పెట్టి సంతకం పెట్టించుకుంటారు. ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న కొత్త రిజిస్ట్రేషన్‌దారుకు ఇది తేలికైన ఆదాయంలా కనబడుతుంది. కానీ అనుమతుల తీరు మారింది. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు సొంత ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతినిచ్చింది. ముందస్తు తనిఖీలు తగ్గినకొద్దీ కాగితం మీది మాటకూ, కింద ఉన్న సంతకానికీ బరువు పెరుగుతుంది. ఇంటి చుట్టూ ఖాళీ (సెట్‌బ్యాక్) వదల్లేదనో, రోడ్డు వెడల్పు తప్పు చూపారనో వివాదం వస్తే ఫైలులో కనబడేది ఆ నంబరే. ప్లాను గీసిన డ్రాఫ్ట్స్‌మన్ పేరు ఎక్కడా ఉండదు. 1972 చట్టం కింద వృత్తిపరమైన దుష్ప్రవర్తనపై విచారణ జరిపి రిజిస్టరు నుంచి పేరు తీసేసే అధికారం కౌన్సిల్‌కు ఉంది. మొదటి రెండేళ్లలో పెట్టిన అద్దె సంతకం పదిహేనేళ్ల తర్వాత కట్టుకున్న ప్రాక్టీసును కూల్చగలదు.

మరి ఆ రెండేళ్లు ఎలా గడవాలి? దానికి కొలమానం కౌన్సిల్ దగ్గరే ఉంది. ఆర్కిటెక్టు నియామక షరతుల్లో పనిని ఏడు దశలుగా చూపారు: ఆలోచన రూపం, ప్రాథమిక డిజైను, అనుమతుల డ్రాయింగులు, వర్కింగ్ డ్రాయింగులూ టెండరు పత్రాలూ, కాంట్రాక్టరు నియామకం, నిర్మాణం, పూర్తి. కొత్తగా చేరినవారిలో అత్యధికులు మొదటి దశలో త్రీడీ బొమ్మల దగ్గర, మూడో దశలో అనుమతి సాఫ్ట్‌వేరుకు సరిపడేలా లేయర్లు మార్చే పని దగ్గర ఆగిపోతారు. నాలుగు నుంచి ఆరు దాకా ఉన్న దశలే వృత్తి. ఫుటింగు గుంతల మార్కింగు, పునాది పైన నేలమట్టం దగ్గర వచ్చే ప్లింత్ బీము, స్లాబు వేసే ముందు కరెంటు పైపులూ కంతలూ సరిచూడటం, కాంట్రాక్టరు బిల్లులో కొలతలు ధ్రువీకరించడం అక్కడే వస్తాయి. కాబట్టి ఉద్యోగానికి వెళ్లినవారు జీతం అడిగిన నోటితోనే రెండు ప్రశ్నలు వేయాలి: వారంలో ఎన్ని రోజులు సైటుకు పంపుతారు? ఒక చిన్న ఇంటినైనా మొదటి దశ నుంచి ఏడో దశ దాకా నా చేతికి ఇస్తారా? పేరున్న పెద్ద ఆఫీసులో ఎలివేషన్లు (భవనం బయటి ముఖాల బొమ్మలు) మాత్రమే గీయడం కన్నా, నలుగురుండే చిన్న ఆఫీసులో రెండు ఇళ్లు పూర్తి చేయడం మేలు. పోర్ట్‌ఫోలియోలో రంగుల బొమ్మల పక్కన ఒక వర్కింగ్ డ్రాయింగు షీటు, అదే చోట కట్టిన దాని ఫొటో పెడితే చూసేవారికి అసలు సంగతి అర్థమవుతుంది.

సీనియర్లకూ ఒక మాట. నేర్పుతున్నాం కదా అని జీతం లేకుండా, ఉన్నా బస్సు ఛార్జీలకూ చాలనంత తక్కువకు పని చేయించుకోవడం అన్యాయం. ఐదేళ్ల ఫీజులు, మోడళ్లు, ప్రింట్లు భరించిన కుటుంబాల పిల్లలు వీళ్లు. ఆఫీసు ఇవ్వని డబ్బును సంతకాల బేరగాడు ఇస్తానంటే ఆ పిల్లల్ని మాత్రమే తప్పుపట్టలేం.

సొంతంగా మొదలుపెట్టేవారు 1989 నాటి వృత్తి ప్రవర్తన నియమాలను ఒక పూట కూర్చుని చదవాలి. ఫీజు, షరతులు ఇంటి యజమానికి ముందే చెప్పి ఒప్పుకున్నాకే నియామకం ఖాయం చేసుకోవాలి. పని సంపాదించడానికి కమీషన్లు ఇవ్వకూడదు, తీసుకోకూడదు. ఇంకో ఆర్కిటెక్టును పక్కకు నెట్టి పని లాక్కోకూడదు. కడుతున్న భవనం దగ్గర పేరు పెట్టుకోవచ్చు గానీ అక్షరాల ఎత్తు 10 సెంటీమీటర్లు దాటకూడదు. మన దగ్గర ఎక్కువగా చెడేది మొదటి నియమం దగ్గరే. ‘ముందు ప్లాను చూపించండి, తర్వాత మాట్లాడుకుందాం’ అంటే సరేనని నాలుగు ప్లాన్లు గీసిస్తారు, ఐదోది మేస్త్రి చేతిలో ఉంటుంది. దశలవారీ చెల్లింపు రాసుకున్న రెండు పేజీల ఒప్పందం లేకుండా పెన్సిలు ముట్టకూడదు.

ఇప్పుడు ఈ చదువులోకి వస్తున్నవారు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష నాటాలో స్కోరో, జేఈఈ మెయిన్‌లో ఆర్కిటెక్చర్ పేపరు ర్యాంకో వచ్చాక, హైదరాబాద్ మాసబ్‌ట్యాంకులోని ప్రభుత్వ విశ్వవిద్యాలయమైనా, విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ (ఎస్పీఏ) అయినా, ప్రైవేటు కాలేజీ అయినా తాము చేరుతున్న విద్యా సంవత్సరానికి కౌన్సిల్ ఆమోదం ఉందా, ఎన్ని సీట్లకు ఉందో కౌన్సిల్ జాబితాలోనే చూసుకోవాలి. కాలేజీ గోడ మీది బ్యానరు సరిపోదు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా, పట్టాలో ఒకలా పేరుంటే రిజిస్ట్రేషన్ అక్కడే ఆగుతుంది. మొదటి ఏడాదిలోనే సరిచేయించుకోవాలి. నంబరు వచ్చాక రెన్యువల్ ఫీజు మరిచిపోతే పేరు రిజిస్టరు నుంచి పోతుంది.

అమెరికా వెళ్లాలనుకునే మన పిల్లలు ఈ నంబరు అక్కడ చెల్లదని గుర్తుంచుకోవాలి. అక్కడ లైసెన్సుకు చదువుతోపాటు సాధారణంగా ఆరు విభాగాల్లో 3,740 గంటల అనుభవాన్ని పర్యవేక్షకుల ఆమోదంతో నమోదు చేయాలి, ఆరు భాగాల పరీక్ష గట్టెక్కాలి. ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకోనక్కర్లేదు. అనుభవాన్ని గంటల్లో రాసి, మరొకరి చేత సరిచూపించే అలవాటు మాత్రం తెచ్చుకోవలసిందే.

పర్యవేక్షణలో రెండేళ్ల పని తర్వాతే స్వతంత్రంగా సంతకం చేసే హక్కు ఇవ్వాలంటే చట్టాన్ని సవరించాలి. కేంద్రం ఆ పని మొదలుపెట్టాలి. ఆ రెండేళ్లకు కనీస వేతనం కూడా అందులోనే రాయాలి. అందాకా రెండు తెలుగు రాష్ట్రాల పురపాలక శాఖలు తమ చేతిలో ఉన్నది చేయొచ్చు. పునాది, ప్లింత్, ప్రతి స్లాబు దశల్లో సంతకం చేసిన ఆర్కిటెక్టు సైటులో ఉన్నట్టు తేదీ, స్థలం నమోదైన ఫొటో పోర్టల్లో ఎక్కించాలని నిబంధన పెట్టాలి. నెలకు ఎన్ని సైట్లకు ఒకే నంబరు వాడారో అప్పుడు తెరమీదే తెలిసిపోతుంది. కౌన్సిల్ ఏడు దశల లాగ్‌బుక్కును ఇప్పుడే, స్వచ్ఛందంగానైనా, విడుదల చేయాలి. అందులో తేదీ, సైటు, దశ, కనబడిన తప్పు, దిద్దిన తీరు, సీనియరు సంతకం ఉండాలి. మెట్ల సెంట్రింగు బిగించిన రోజు టేపు పెట్టి చూసిన 185, 150, 115 అనే మూడు అంకెలు అందులో ఒక పేజీ.