తీరికగా తిరిగిన నేరానికి సంజాయిషీ

మా ఆవిడా నేనూ ఆరు రోజులు థాయిలాండ్‌లో ఉండి, చూడవలసినవాటిలో ముప్పాతిక వంతు చూడకుండా తిరిగి వచ్చామన్న అభియోగం మా బంధువర్గంలో ఇప్పటికే రుజువైపోయింది కనుక, శిక్ష ఖరారయ్యేలోగా సంజాయిషీ సమర్పించుకోవడం నా విధి.

మొదటి విచారణ మా బాబాయి జరిపారు. బ్యాంకాక్ అనగానే ఆయన ముఖంలో మొలిచిన కొంటె నవ్వు, భార్యతో కలిసి వెళ్ళాననేసరికి జాలిగా మారి, పటాయా వెళ్ళలేదనేసరికి ఆగ్రహమై కూర్చుంది. ఆయన నాలుగు రాత్రుల, ఐదు పగళ్ళ ప్యాకేజీలో బ్యాంకాక్, పటాయా, కోరల్ ఐలండ్, సఫారీ పార్కు, రంగురాళ్ళ దుకాణం, ప్రతి రాత్రీ ఇండియన్ హోటల్లో పప్పన్నం అన్నీ పూర్తి చేసి వచ్చిన మనిషి. ఆ దేశంలో ఆయన చూడనిది నిద్ర ఒక్కటే.

మా నేరం బ్యాంకాక్ సువర్ణభూమి విమానాశ్రయంలోనే మొదలైందని ఒప్పుకుంటున్నాను. అక్కడి సముద్రమథన శిల్పం ముందు ఫొటో దిగి, ‘ఇదంతా మన పురాణమే’ అని చుట్టుపక్కలవారికి వినిపించేలా ప్రకటించడం తెలుగు యాత్రికుడి కనీస బాధ్యత. మేము పావుగంట నిలబడి కూడా ఆ మాట అనడం మరిచిపోయాం. ఆ నగరాన్ని అక్కడివారు క్రుంగ్ థేప్, అంటే దేవతల నగరం, అంటారు. పూర్తి పేరులోనైతే ఇంద్రుడు, అయోధ్య, విశ్వకర్మ సహా మన వాళ్ళు చాలామందే కొలువుదీరి ఉన్నారు. పేరు చదవడానికే నాలుగుసార్లు ఊపిరి తీసుకోవలసిన ఊళ్ళో ఊపిరి తీసుకోకుండా తిరగడం భావ్యమా అన్నది నా వినయపూర్వకమైన సందేహం.

ఇక వాట్ ఫో ఆలయం. అక్కడ బుద్ధ భగవానుడు 46 మీటర్ల పొడవున, బంగారు పూతతో, కుడిచేతి మీద తల ఆనించి, ఈ లోకంతో ఇక పని లేదన్నట్లు పడుకుని ఉంటాడు. ఆయనను చూడటానికి వచ్చిన జనం మాత్రం పరుగెత్తుతున్నారు. జెండా పట్టుకున్న గైడు వెనక ఒక బృందం పాదాల వైపు నుంచి తల వైపుకు రెండు నిమిషాల్లో చేరుకుంది. అంతటి విశ్రాంతిని అంత త్వరగా దాటినవారిని నేనింతవరకు చూడలేదు. గోడ వెంబడి 108 కంచు పాత్రలున్నాయి. మా ఆవిడ ఒక్కొక్క నాణెం వేసి, ఆ చప్పుడు పూర్తిగా ఆగిన తరువాతే రెండోదాని దగ్గరకు కదిలింది. వెనక నుంచి ఎవరో, అచ్చమైన తెలుగులో, ‘కాస్త కానివ్వండమ్మా, బస్సు వెళ్ళిపోతుంది’ అన్నారు.

ఆ సాయంత్రం చావో ఫ్రయా నదికి ఈవలి ఒడ్డున కూర్చుని, అరుణుడి పేరు పెట్టుకున్న వాట్ అరుణ్‌ను పొద్దుగూకేదాకా చూశాం. పడవ ఎక్కితే ఐదు నిమిషాల్లో గుడి మెట్ల దగ్గర ఉండేవాళ్ళం, ఎక్కలేదు. మా వదినగారి దృష్టిలో ఇది నాస్తికత్వం.

తక్కిన మూడు రోజులూ రయోంగ్ తీరానికి ఎదురుగా ఉన్న సమెత్ దీవిలో గడిచాయి. ఆ దీవి 1981 నుంచి జాతీయ పార్కు కావడంతో మనిషికి 200 బాత్‌ల ప్రవేశ రుసుము కట్టాం. మా బావగారు దాన్ని రూపాయల్లోకి మార్చి, ‘అంత కట్టి ఏం చేశారు?’ అని అడిగారు. కుర్చీల్లో కూర్చున్నామని నిజం చెప్పాను. ‘కుర్చీలు మీ ఇంట్లో లేవా?’ అన్నారు. ఈ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

అయితే మేము బొత్తిగా ఏమీ చేయలేదనడం అన్యాయం. రెండో రోజు మధ్యాహ్నం సముద్రం మెల్లగా ముందుకు వచ్చి మా ఆవిడ కుర్చీ కాళ్ళను తడిపింది. ఆమె కొబ్బరిబోండాం ఇసుకలో నిలబెట్టి, లేచి, కుర్చీని రెండడుగులు వెనక్కి జరిపి, మళ్ళీ కూర్చుంది. గంట తరువాత నా కుర్చీ కూడా జరపవలసి వచ్చింది. ఆ రోజు కార్యక్రమం అంతటితో సమాప్తం.

మా బాబాయి దయార్ద్రహృదయులు. మరోసారి వెళితే ఇలాంటి తప్పులు జరగకూడదని, ఎవరిదో శుభలేఖ వెనక, ఉదయం ఐదున్నర బస్సుతో మొదలుపెట్టి రాత్రి పది దాకా, గంట గంటకూ ఏమేం చూడాలో స్వహస్తాలతో రాసి ఇచ్చారు. అట్ట మంచి మందంగా ఉంది. మొన్న కరెంటు పోయినప్పుడు మా ఆవిడ అరుగు మీద కూర్చుని దానితోనే విసురుకుంది.