యేట్స్‌ని అప్పుడే వదిలేయకండి, కానీ సేవ్‌ల కోసం కొనకండి

2025లో డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టుకి ఆడినప్పుడు ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ తన బాధ్యతగా ఇచ్చే సగటు పరుగులు, తక్కువైతే మేలు) 5 దాటింది కాబట్టి పిచర్ కర్బీ యేట్స్ పని అయిపోయిందన్న మాట తొందరపాటే. రెండు టామీ జాన్ సర్జరీల (మోచేతి లిగమెంట్ ఆపరేషన్ల) తర్వాత, 37 ఏళ్ల వయసులో, 2024లో రేంజర్స్‌కి 34 అవకాశాల్లో 33 సేవ్‌లు (స్వల్ప ఆధిక్యాన్ని కాపాడి మ్యాచ్ ముగించడం) చేశాడు. ఈఆర్ఏ 1.17.

అయితే ఆ ఏడాది లెక్కలు లోతుగా చూడాలి. 61.2 ఇన్నింగ్స్‌లో (అంటే 61 ఇన్నింగ్స్, పైన 2 అవుట్లు) ఇచ్చిన హిట్లు 23, వాక్‌లు (నాలుగు బంతులు గురి తప్పితే బ్యాటర్‌కి ఊరికే దక్కే మొదటి బేస్) 28. హిట్ల కంటే వాక్‌లే ఎక్కువ! హిట్లు అంత తక్కువగా ఏటా రావు, అదృష్టం కూడా కలిసిరావాలి. వాక్‌లు మాత్రం అలాగే ఉంటాయి.

2025లో హామ్‌స్ట్రింగ్, నడుము ఇబ్బంది పెట్టాయి. అతని ఆటంతా ఫాస్ట్‌బాల్ పైన, స్ప్లిటర్ (బ్యాటర్ దగ్గరికొచ్చాక ఒక్కసారిగా కిందికి దిగే బంతి) కింద. కాళ్లూ నడుమూ సహకరించకపోతే స్ప్లిటర్ మోకాళ్ల కిందికి దిగదు, నడుము ఎత్తులో ఆగిపోతుంది. అదే హోమ్ రన్.

ఫాంటసీలో (నిజమైన ఆటగాళ్ల గణాంకాలతో ఆడే ఆటలో) అతనికి క్లోజర్ (మ్యాచ్ చివర్లో ఆధిక్యం కాపాడే పిచర్) పాత్ర ఖాయమైతేనే తీసుకోండి, అదీ ఆటగాళ్ల ఎంపికలో చివరి రౌండ్లలో. హోల్డ్‌లు (ఆధిక్యం కాపాడి తర్వాతి పిచర్‌కి అప్పగించడం) లెక్కించే లీగ్ అయితే ఇంకాస్త ముందే తీసుకోవచ్చు. స్ప్రింగ్‌లో (సీజన్ ముందు జరిగే సన్నాహక మ్యాచ్‌లలో) ఈఆర్ఏ పట్టించుకోవద్దు. స్ప్లిటర్‌కి బ్యాటర్లు గాల్లో ఊపుతున్నారా లేదా అన్నదే చూడండి.